బస్టాండు ముద్ర

మే 2

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టలేను. ఉభయులనడానికి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మీ మరదలూ పిల్లలిద్దరూ నిన్న పొద్దున బస్సెక్కారు. ఈ ఉత్తరం అందేసరికి మీరంతా సముద్రం ఒడ్డున మామగారింట్లో చేరి ఉంటారు. నేను రాలేదేమని ఎవరైనా అడిగితే నడుం పట్టేసిందని చెప్పండి. తోడల్లుళ్ళం. ఒకరి పరువు ఒకరం కాపాడుకోకపోతే ఇంకెవరు కాపాడతారు?

నిజం మీ ఒక్కరికే చెబుతున్నాను. నా నడుం నిక్షేపంలా ఉంది. పోయిన వేసవిలో ఆ ఇంట్లో మూడు వారాలున్నాను. చదివింది పదకొండు పుటలు. ప్రూఫులు దిద్దుకుని బతికేవాడికి నిశ్శబ్దమంటే అన్నం లాంటిది. అక్కడ నాలుగు తరాలవాళ్ళు ఒకేసారి మాట్లాడతారు, వినే మనిషి ఒక్కడూ ఉండడు. స్నానాలగది దగ్గర వరసలో నిలబడితే మామ్మగారు రోజూ నన్ను ఎగాదిగా చూసి "నువ్వెవరి తాలూకు బాబూ?" అని అడిగేవారు. పదకొండేళ్ళుగా ఆవిడ మనవరాలి మొగుణ్ణి.

ఈసారి చేతిలో పదకొండు వందల పుటల న్యాయశాస్త్ర గ్రంథం ఉంది. జూన్ రెండో వారానికి ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి. అందుకని బయల్దేరే రోజు పొద్దున మంచం దిగుతూ "అమ్మా" అని సగంలో ఆగిపోయాను. మీ మరదలు పన్నెండేళ్ళుగా ఎముకల వార్డులో నర్సు కదా, పట్టుబడిపోతానేమోనని భయం వేసింది. ఒక్క ప్రశ్నే వేసింది. "ఎటువైపు?" అంది. చెప్పాను. "సరే, కదలకండి" అని వేడినీళ్ళ సంచీ పక్కన పెట్టి, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. నాకు నటనలో ఇంత ప్రావీణ్యం ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

సముద్రం కనబడే గది కోసం ఏటా మనిద్దరికీ వచ్చే పేచీ ఈసారి లేదు. ఆ గది మీకే. నా నడుం సంగతి మాత్రం గట్టిగా చెప్పండి.

నిటారుగా ఉన్న,
మీ తోడల్లుడు

మే 6

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

అదృష్టం కొద్దీ నీ ఉత్తరం గేటు దగ్గరే పోస్టుమ్యాన్ చేతిలోంచి అందుకున్నాను. నీ పని జరిగింది. "మా దుకాణంలో ఉన్న కళ్ళద్దాలన్నిటి మీదా ఒట్టు, అతను మంచం మీద పడి మూలుగుతుంటే ఈ కళ్ళతో చూసొచ్చాను" అని చెప్పాను. చూశానని ఎందుకన్నానో నాకే తెలియదు, ఊపులో వచ్చేసింది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని "ఒక్కడూ ఏం తింటున్నాడో" అన్నారు. మామ్మగారు "ఎవరికి నొప్పి?" అన్నారు. చెప్పాం. "ఓ, ఆ పొడుగాటివాడా! పెళ్ళినాడే వంకరగా కూర్చున్నాడు" అన్నారు. నీ భార్య "అలాగా" అంది.

మామగారి సంగతి నీకు తెలిసిందే. రిటైరైనా పోస్టుమాస్టరు పోస్టుమాస్టరే. ఈ ఏడు కొత్త చట్టం. గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఫోన్లన్నీ లాక్కుని బియ్యం డబ్బాలో వేసి తాళం పెట్టారు. "సముద్రం చూడ్డానికొచ్చారా, అరచెయ్యి చూసుకోడానికొచ్చారా?" అని కేకలు. ఎవరికేం చెప్పుకోవాలన్నా కాగితం, కలం, కవరు. హాల్లో గోడకి చెక్క గళ్ళ పెట్టె బిగించారు, గదుల పంపకం అందులోనే. గడికో చీటీ. పిల్లలంతా పార్శిళ్ళు. నేను రిజిస్టరు పోస్టు, అంటే సంతకం పెట్టకుండా గేటు దాటకూడదు.

ఒక జాగ్రత్త చెబుతాను. నలభై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ పంచి, ఒక్కటీ విప్పి చదవని మనిషాయన. ఆ కసంతా ఇప్పుడు తీర్చుకుంటున్నారు. ఇంటికొచ్చిన ఏ ఉత్తరమైనా భోజనాల దగ్గర పైకి చదవాల్సిందే. కాబట్టి ఇకమీదట రేవు దగ్గర ఐసు దుకాణం చిరునామాకి రాయి. దుకాణదారుతో మాట్లాడాను. అతనికి దగ్గరిచూపు ఆనదు, విప్పి చదువుతాడన్న భయం లేదు.

సముద్రపు గది బావుంది. గాలి కొంచెం ఎక్కువ.

నీ నొప్పి జాగ్రత్త. తగ్గనివ్వకు.

శ్రేయోభిలాషి,
అన్న

మే 10

అన్నయ్యగారికి,

స్వర్గం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మా ఇంటికి పంపండి. వంటింట్లో కుళాయి చుక్క రాలితే ముందుగదిలో వినబడుతోంది. గోడగడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని ఇన్నేళ్ళలో నాకు తెలియనే తెలియదు. నిన్న రెంటినీ కాసేపు కలిపి విన్నాను. కుళాయి కొంచెం వెనకబడింది. మనిషన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

పని బ్రహ్మాండంగా సాగుతోంది.

ఏమీ అనుకోకపోతే ఒక మాట. నా గురించి అక్కడెవరైనా అడుగుతున్నారా? ఊరికే. అబద్ధం అతుకు ఊడకుండా ఉండాలంటే అవతలివాళ్ళేం అనుకుంటున్నారో తెలియాలి కదా. మీ మరదలు ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. నొప్పితో పడున్న మొగుడికి నాలుగు మంచి మాటలు రాయకపోవడం వైద్యరీత్యా కూడా తప్పే. పిల్లలు బెంగపడి ఉంటారు. పెద్దదానికి నేను జడ వేస్తే తప్ప తృప్తి ఉండదు. చిన్నది నా పక్కన కూర్చుంటే తప్ప ముద్ద మింగదు. మరీ ఏడుస్తుంటే మొహమాటపడకుండా రాయండి. ఏదో ఒకటి ఆలోచిద్దాం.

పరమ ప్రశాంతంగా,
మీ తోడల్లుడు

మే 14

చిరంజీవి తమ్ముడికి,

పిల్లల గురించి నిశ్చింతగా ఉండు. కొత్త ఆట కనిపెట్టారు. పేరు 'నాన్న నడుం'. ఒకరు ఇసకలో వెల్లకిలా పడుకుని మూలుగుతారు, మిగతావాళ్ళు దిండూ నీళ్ళూ మోసుకొస్తారు. లేవకుండా ఎవరు ఎక్కువ పనులు చేయించుకుంటే వాళ్ళు గెలిచినట్టు. మీ చిన్నది ఇంతవరకూ ఓడలేదు, తిండి కూడా పడుకునే తింటోంది. పెద్దది ఉప్పునీళ్ళకి చిక్కులు పడుతున్నాయని జుట్టు మెడదాకా కత్తిరించేసుకుంది. బాగుంది.

నా పాట్లే చెప్పుకోలేనివి. ఈ గదిలో కిటికీ మూస్తే ఉక్క, తీస్తే ఇసక. చుట్టాలకి చూపిద్దామని తెచ్చిన కొత్త ఫ్రేములన్నీ ఉప్పుగాలికి తుప్పెక్కాయి. అయినా గది వదలను.

నీ భార్య చేతికి పని దొరికింది. ఈ ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఒక్కతే. వలలు లాగి లాగి నడుములు పోయినవాళ్ళు బయట బెంచీల మీద బారులు తీరి ఉంటారు. ఎముకల వార్డు నర్సని తెలిసి, ఒక్కపూట వచ్చి చెయ్యి సాయం చెయ్యమంది. ఒక్కపూట కాస్తా రోజూ అయింది. నీ భార్య ఇప్పుడు రోజుకి ఇరవై నిజమైన నడుములు చూస్తోంది. ఇంటికొచ్చి మీ వదిన చెవిలో ఏదో చెబుతుంది, ఇద్దరూ పగలబడి నవ్వుతారు. ఏమిటంటే చెప్పరు.

ఇక అసలు సంగతి. ఐసు దుకాణంవాడు నీ ఉత్తరం మీది పేరు ఎవరితోనో చదివించుకుని, పాపం మంచితనం కొద్దీ ఇంటికి పట్టుకొచ్చి నేరుగా మామగారి చేతిలో పెట్టాడు. నేను లాక్కుని జేబులో కుక్కేశాను. కానీ ఆయన లోపలి ఉత్తరం ఎందుకు చదువుతారు, పైన ముద్ర చదువుతారు గానీ! "అల్లుడుగారూ, ఇది బస్టాండు పోస్టాఫీసు ముద్ర. మీ తోడల్లుడి ఇంటికీ దానికీ నాలుగు మైళ్ళు. మంచం దిగలేనివాడి ఉత్తరం అంతదూరం ఎలా నడిచింది?" అన్నారు. "పక్కింటి దర్జీ వేసుంటాడండీ" అన్నాను. మామ్మగారు అన్నం కలుపుతూ, "బస్టాండంటే బస్సులు. బస్సులంటే ఊళ్ళు. ఏ ఊళ్ళోనో ఇంకో సంసారం ఉండుంటుంది" అన్నారు. నీ భార్య లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

తమ్ముడూ, నాకైనా చెప్పు. ఎవరావిడ?

నీ అన్న

మే 17

అన్నయ్యగారూ,

మీరు కూడానా! సరే, చెబుతాను. చదివి చింపెయ్యండి.

నాలుగో రోజుకే నిశ్శబ్దం నాకు మింగుడుపడలేదు. ఒకే పేరా ఏడుసార్లు చదివాను. ఏడోసారికి కూడా అందులో నేరం ఎవరు చేశారో తెలియలేదు. ఎవరైనా తలుపు కొడితే బాగుండును, విసుక్కోవచ్చు అనిపించేది. ఎవరూ కొట్టలేదు. ఒకరోజు ఊరికే నడుస్తూ నడుస్తూ బస్టాండు దాకా వెళ్ళి, టీ తాగుదామని ఓ బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఓ ఇల్లాలు ముగ్గురు పిల్లల్ని ఒకేసారి తిడుతోంది. ఓ ముసలాయన, నేను వింటున్నానా లేదా అని చూడకుండా, తన మోకాలి కథ చెబుతున్నాడు. మైకులో ఊళ్ళ పేర్లు. సంచీలోంచి ప్రూఫులు తీశాను. గంటలో పదిహేను పుటలు!

అప్పట్నించీ రోజూ డబ్బాలో అన్నం పెట్టుకుని అక్కడికే పోతున్నాను. ఆరో నంబరు బల్ల. కండక్టర్లు నన్ను 'ప్లాట్‌ఫారం పంతులు' అంటున్నారు. మొన్న ఒకావిడ టికెట్ కోసం వెళ్తూ "కాస్త చూడండన్నా" అని ఏడాది పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టింది. అది నా కలం లాక్కుని నోట్లో పెట్టుకుంది, మా చిన్నది పెట్టుకున్నట్టే. పట్టపగలు, అంత జనంలో, నాకు ఏడుపొచ్చేసింది. ఆ తల్లి తిరిగొచ్చి పిల్ల మూతికి సిరా అంటిందని నన్ను తిట్టింది. తిడుతుంటే కూడా బాగానే ఉంది.

నిశ్శబ్దం కావాలని నాటకమాడి, చివరికి పరాయివాళ్ళ గోల వినడానికి రోజూ నాలుగు మైళ్ళు నడుస్తున్నాను. ఇది తెలిస్తే ఆ ఇంట్లో నేను తలెత్తుకోలేను. ఇంకో సంసారం ఉందనుకున్నా ఫరవాలేదు గానీ ఇది మాత్రం చెప్పకండి. ముద్ర సంగతి అడిగితే పక్కింటాయన కండక్టరని చెప్పండి. నొప్పి తగ్గిందని నెమ్మదిగా రంగం సిద్ధం చెయ్యండి. పై వారం వచ్చేస్తాను.

మీ తోడల్లుడు

మే 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూడా బస్టాండులోనే వేశావేం నాయనా! మామగారు ఐసు దుకాణానికి స్వయంగా వెళ్ళి తెచ్చారు, విప్పేలోపే లాక్కున్నాను. నేను నీ మాట ప్రకారం "పక్కింటాయన కండక్టరండీ" అన్నాను. "మొన్న దర్జీ అన్నారు" అన్నారు. "పొద్దున దర్జీ, సాయంత్రం కండక్టరు" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ ముక్క ఓ కాగితం మీద రాసుకున్నారు.

నువ్వు అప్పుడే రావద్దు. నొప్పి ఇంత తొందరగా తగ్గితే నా ఒట్టు ఏం కావాలి? పైగా గదుల సర్దుబాటు అంతా చెడిపోతుంది.

ఇక్కడో కబురు. డాక్టరమ్మ నీ భార్యని ఇక్కడే ఉండిపొమ్మంటోంది. ఆసుపత్రి వెనకాల రెండు గదుల ఇల్లు ఇస్తారట. పిల్లల బడి ఎదురుగానే. నెలాఖరులోగా చెప్పాలి. నిన్న సాయంత్రం నన్ను వరండాలోకి పిలిచి, "బావగారూ, మీకు ఉత్తరాలొస్తున్నాయిగా, అక్కడ ఆయనెలా ఉన్నారు? నిజం చెప్పండి" అంది. ఆ అమ్మాయి అలా అడిగితే అబద్ధం నోట రాలేదు. అలాగని నువ్వు దాచమన్నది చెప్పలేను కదా. అందుకని నువ్వు రాసిన మాటే, అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. "స్వర్గంలా ఉందట, మనిషన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి అని రాశాడు" అన్నాను. నీ రహస్యం దక్కింది, పరువూ నిలిచింది. "సరే" అంది. తర్వాత ఇక్కడి బళ్ళో పుస్తకాలు వాళ్ళే ఇస్తారా అని అడిగింది.

ఆలోచిస్తే ఇదీ నీ మంచికే. నెల రోజుల నిశ్శబ్దం కోసం అంత కష్టపడ్డావు. ఇప్పుడు ఏడాది పొడుగునా దొరుకుతుంది.

నీ మేలు కోరే,
అన్న

మే 23

అన్నయ్యగారూ,

మీరు నా పరువు నిలబెట్టలేదు. నిలువునా పాతేశారు.

కోపం మీ మీద కాదు. ఆ మాట రాసింది నేనే. ఉత్తరం అందగానే సంచీ సర్దుకున్నాను. బస్టాండులోనే ఉంటాను కదా, ఎక్కడమే తరువాయి. రెండు బస్సులు వదిలేశాను. ఇన్నేళ్ళూ అల్లుణ్ణన్న ధీమాతో ఎవరు పిలిచినా పిలవకపోయినా ఆ గుమ్మం ఎక్కాను. ఈసారి ఆవిడ రమ్మంటే తప్ప ఎక్కలేను. ఆవిడ ఎందుకు రమ్మనాలో మాత్రం ఎంత ఆలోచించినా నాకు తోచలేదు.

నా మే 17 ఉత్తరం మీరు చింపి ఉండరని నమ్మకం. మీరేదీ పారెయ్యరు. దాన్ని మామగారికివ్వండి. భోజనాల దగ్గర, పిల్లలతో సహా అందరూ ఉన్నప్పుడు, మొదట్నించీ చివరిదాకా పైకి చదివించండి. మామ్మగారికి వినబడేలా. నేను ఏడ్చిన చోటు కూడా వదలొద్దు.

ఆరో నంబరు బల్ల నుంచి,
మీ తోడల్లుడు

మే 27

తమ్ముడూ,

నిన్న మధ్యాహ్నం చదివించాను.

మామగారు ముందు కవరు తిప్పి చూసి, "బస్టాండే" అన్నారు తృప్తిగా. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. 'నడుస్తూ నడుస్తూ బస్టాండు దాకా వెళ్ళి' అని చదవగానే అత్తగారు నావైపు చూసిన చూపు నేను బతికుండగా మరిచిపోను. 'ఈ కళ్ళతో చూసొచ్చాను' అన్న కళ్ళు దించుకుని కూర్చున్నాను. ఇల్లాలు ముగ్గురు పిల్లల్ని తిట్టే చోట అందరూ నవ్వారు. ఒళ్ళో పసిపిల్ల దగ్గరికొచ్చేసరికి మామగారు ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "ఈ అద్దాలు బాగాలేవు" అన్నారు. అవి నేనిచ్చినవి. "అద్దాలు శుభ్రంగా ఉన్నాయండీ" అన్నాను. మీ వదిన బల్ల కింద నా కాలు తొక్కింది. మామ్మగారు "అయితే ఇంకో సంసారం లేదా?" అని కాస్త నిరుత్సాహపడ్డారు.

మీ చిన్నది, "నాన్న నిజంగా ఏడ్చాడా?" అంది.

"ఏడ్చాడటే. రాశాడుగా" అంది పెద్దది.

అప్పుడు నీ భార్య నోరు విప్పింది. "నడుం నొప్పి అబద్ధమని నాకు ఆ పొద్దునే తెలుసు. కుడివైపని చెప్పి ఎడమవైపు పట్టుకున్నారు. నాకూ నెల రోజులు ఊపిరాడుతుందిలే అని ఊరుకున్నాను. ఈ బస్టాండు సంగతే తెలీదు" అంది.

అత్తగారు, "ఇప్పుడేం చేస్తావే?" అన్నారు.

"ఏముందమ్మా. ఈ ఉద్యోగం నేను ఆయన మీద కోపంతో ఒప్పుకోలేదు. నచ్చి ఒప్పుకున్నాను. అది మారదు" అంది. తర్వాత నావైపు తిరిగి, "రెండు గదులిల్లు బావగారూ. కిటికీ అవతల ఇరవైమంది మూలుగుతుంటారు. అల్లుడి మర్యాదలుండవు. నీళ్ళు పట్టాలి, నేను డ్యూటీలో ఉంటే వంట చెయ్యాలి. ఇవన్నీ చెప్పి, ఇష్టమైతే రమ్మనండి" అంది.

"నువ్వే రాయొచ్చుగా?" అన్నాను.

"ఇన్నాళ్ళూ మీరూ మీరే రాసుకున్నారుగా. ఇదీ మీరే రాసుకోండి" అని కంచాలు తీసేసింది.

కాబట్టి రాస్తున్నాను. రా. మామగారు నా చీటీ తీసి 'చిరునామా తప్పు' అని ఉన్న గడిలో పడేశారు. మీ వదిన నాతో మాట్లాడ్డం లేదు. నువ్వొస్తే కనీసం ఇద్దరం ఉంటాం.

అన్న

జూన్ 24

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీరు క్షేమంగా ఊరు చేరారని, వదిన మళ్ళీ మాట్లాడుతున్నారని తెలిసి సంతోషించాను. మా పాత ఇంటి తాళంచెవులు ఇంటాయనకి అప్పగించినందుకు ధన్యవాదాలు.

వారం వారం ప్రెస్సు నుంచి ప్రూఫుల కట్ట వస్తోంది. మాకు రెండు గదులు, మధ్యలో వంటపొయ్యి, ఆసుపత్రి గోడకి ఆనుకుని నా బల్ల. బోరింగు పంపు దగ్గర ఆడవాళ్ళు నాకు వరస ఇవ్వడం లేదు, కొత్తవాణ్ణట. నా వంట గురించి పిల్లలు మామగారికి ఫిర్యాదు రాసి పోస్టు చేశారు. ఆయన అందినట్టు రసీదు పంపారు.

మీ మరదలు మొదట్లో నాతో పనున్నంత వరకే మాట్లాడేది. వచ్చిన వాళ్ళకి నన్ను చూపించాల్సొస్తే "పిల్లల నాన్న" అనేది. పది రోజులు అలాగే గడిచాయి. నేనూ ఏమీ అడగలేదు. ఒకరోజు మాత్రం, ఊపిరాడకపోవడమంటే ఏమిటని అడిగాను. వార్డు నుంచి ఇంటికొస్తే నేను పుటలోంచి తల ఎత్తేవాణ్ణి కాదట. తను వచ్చినట్టు తనకే నమ్మకం కుదిరేది కాదట. కూరగాయలు తరిగాను.

న్యాయశాస్త్ర గ్రంథం పూర్తి చేసి పంపాను. ప్రెస్సు మేనేజరు మండిపడుతూ ఉత్తరం రాశాడు. ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా ఒక్క తప్పు పోలేదు, ఈసారి తొమ్మిది పోయాయట. పుటల వివరాలు కూడా పంపాడు. చూడగానే గుర్తొచ్చాయి. రెండు, చిన్నది ఊడిన పన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టినప్పుడు జారినవి. ఓ మూడు ఎక్కడివో చెప్పలేను, పడవలు ఒడ్డుకొచ్చే వేళవి కాబోలు. మిగతా నాలుగూ ఒక్క పుటవే. ఎనిమిది వందల ఆరు.

ఆవేళ ఓ ముసలి పడవాయన బయట బెంచీ మీంచి లేవలేక అవస్థ పడుతున్నాడు. లోపల ఎవరికో కట్టు కడుతూ మీ మరదలు కిటికీలోంచి కేకేసింది. "కాస్త ఆగు తాతా. అదుగో, మా ఆయన అక్కడే ఉన్నారుగా, ఆయన్ని పట్టుకుని రా" అంది.

కలం ఎక్కడ పెట్టానో తెలియదు. వెళ్ళి తాతకి భుజం అందించాను, లోపలికి నడిపించాను. ఆవిడ కట్టు కడుతూనే ఉంది, తలెత్తి చూడలేదు. తిరిగొచ్చి ఆ పుట ఎలా ముగించానో నాకు తెలియదు.

మేనేజరుకి క్షమాపణ రాశాను. అయిదు తప్పులు దిద్దాను. ఆ పుట మాత్రం మరెవరిచేతైనా దిద్దించుకోమన్నాను.

ఇక్కడ అందరం,
మీ తోడల్లుడు